మొదటి సెమిస్టర్ బరువు

కర్ణాటక పటంలో అన్నిటికంటే పైన, ఉత్తరపు కొసన కనిపించేది ఔరాద్ ప్రాంతం. ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క తెలంగాణ. బీదర్ జిల్లాలోని కుశనూర్ ఆ కొసనే ఉంది. సోయా, కంది, మినుము, జొన్న పండే నేలలు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, సంతలో మరో రెండు వినిపించే ఊళ్లు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా నారాయణఖేడ్, జహీరాబాద్ కూడా బీదర్ జిల్లాలోనే ఉండేవి. అందుకే ఇక్కడ తెలుగు ఇళ్లకు సరిహద్దు అనేది పాత చుట్టరికాల మధ్య గీసిన కొత్త గీత. ఈ ఊళ్ల పిల్లలు పీయూసీ దాకా ఊళ్లోనో, ఔరాద్‌లోనో, బీదర్‌లోనో చదువుతారు. ఆ తర్వాత దారులు చీలిపోతాయి. కొందరు బీదర్ కాలేజీల్లోనే ఉండిపోతారు, కొందరు కలబురగి పోతారు, కొందరికి హైదరాబాద్ దగ్గర. రాజ్యాంగంలోని 371(జె) అధికరణం కింద బీదర్‌తో సహా కల్యాణ కర్ణాటక జిల్లాల వారికి ఉన్న కోటాలో సీటు వచ్చి, దాదాపు 700 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో హాస్టల్ గది తలుపు తెరిచేవారు ఇంకొందరు.

ఆ గదిలో మొదటి ఎనిమిది, పది వారాలు ఎలా గడుస్తాయో అక్కడికి పిల్లల్ని పంపిన ఇళ్లకు చాలావరకు తెలియదు. ఫోన్‌లో అడిగేదీ, చెప్పేదీ ఒక్కటే. "తిన్నవా బిడ్డా?" "తిన్ననమ్మా." "చదువు మంచిగ నడుస్తుందా?" "ఆఁ, నడుస్తుంది." ఫోన్ పెట్టేశాక ఆ అబ్బాయి రాత్రి రెండింటి దాకా మేలుకుని ఉంటాడు. పొద్దున క్లాసులో వెనక బెంచీ వెతుక్కుంటాడు. పదో తరగతిలో, పీయూసీలో ఊరికి పేరు తెచ్చిన పిల్లవాడికి మొదటి ఇంటర్నల్స్‌లో ఇరవైకి ఏడు వస్తాయి. కడుపులో మంట, తలనొప్పి, మెస్ అన్నం సయించకపోవడం మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు దీనికి రెండు కారణాలు చెప్పుకుంటారు: సిలబస్ కష్టంగా ఉంది, లేదా పిల్లవాడు ధైర్యం లేనివాడు. గత వందేళ్లలో ఒత్తిడి మీద జరిగిన పరిశోధన ఈ రెండిటినీ బలపరచదు. నిజంగా జరిగేది వేరే ఉంది. అది తెలిస్తే సగం నింద తగ్గుతుందని నా నమ్మకం.

1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో క్లెమెన్స్ కిర్ష్‌బామ్ బృందం ఒక పరీక్ష తయారుచేసింది. ప్రయోగశాలలో మనిషికి ఒత్తిడి కలిగించాలంటే ఈనాటికీ ఎక్కువమంది పరిశోధకులు వాడేది దాన్నే. పాల్గొనే మనిషిని ఒక గదిలోకి తీసుకెళ్తారు. ఎదురుగా తెల్లకోట్లు వేసుకున్న ముగ్గురో నలుగురో కూర్చుని ఉంటారు. ఒక ఉద్యోగానికి మీరెందుకు తగినవారో ఐదు నిమిషాలు మాట్లాడమంటారు. మాట్లాడుతున్నంతసేపూ వాళ్లు నవ్వరు, తలూపరు, ముఖంలో ఏ భావమూ చూపరు. మాట ఆగిపోతే "మీకింకా సమయం ఉంది" అని మాత్రం అంటారు. అది అయ్యాక 1022 నుంచి 13 తీసివేస్తూ వరసగా పైకి చెప్పమంటారు. 1009, 996, 983... ఎక్కడ తప్పినా "తప్పు, మళ్లీ 1022 నుంచి" అంటారు. అంతే. కొట్టేవాళ్లు లేరు, తిట్టేవాళ్లు లేరు, ఉద్యోగం పోయేది లేదు. అయినా చాలామంది లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ రెండు మూడు రెట్లు పెరుగుతుంది.

ఎందుకు పెరుగుతుంది? శాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ 2004లో ఇలాంటి 208 ప్రయోగశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఒక పని కష్టంగా ఉన్నంత మాత్రాన కార్టిసాల్ పెద్దగా కదలడం లేదని తేలింది. బాగా పెరిగింది రెండు సంగతులు కలిసిన చోట: నలుగురు మనల్ని తక్కువగా అంచనా వేస్తారేమోనన్న భయం ఒకటి, ఏం చేసినా ఫలితం మన చేతిలో లేదన్న పరిస్థితి ఇంకొకటి. ఈ రెండూ ఉన్న ప్రయోగాల్లోనే శరీరం అన్నిటికంటే గట్టిగా స్పందించింది, మామూలు స్థితికి రావడానికి ఎక్కువ సమయమూ తీసుకుంది.

ఇప్పుడు మన అబ్బాయిని ఆ గదిలో నిలబెట్టండి. కన్నడ మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడిని సెమినార్ ఇంగ్లిషులో చెప్పమన్నారు. ఎదురుగా అరవైమంది. వాళ్లలో సగం మంది మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. బీదర్ కన్నడంలో ఉర్దూ, మరాఠీ మాటలు కలిసి ఉంటాయి కనుక బెంగళూరులో నోరు విప్పితే ఎవరో ఒకరు తిరిగి చూస్తారు. హైదరాబాద్‌లో చేరినా అంతే, సరిహద్దు తెలుగు అక్కడా యాసే అవుతుంది. కోటా సీటు సంగతి తెలిసినవాళ్లు ఒక మాట విసురుతారు, విసరకపోయినా విసురుతారేమోనని వీడు ఎదురుచూస్తుంటాడు. ట్రియర్‌లో ఆ పరీక్ష పావుగంటలో ముగిసిపోతుంది. హాస్టల్‌లో క్లాసు, ల్యాబ్, వైవా, మెస్ లైను, ఆఖరికి స్నానాల గది దగ్గర కూడా అది రోజంతా సాగుతుంది.

శరీరం దీనికి రెండు అంచెల్లో జవాబిస్తుంది. ముందు నరాల దారి: మెదడులో అమిగ్డలా ప్రమాదాన్ని పసిగట్టిన క్షణాల్లోనే మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి, నోరెండుతుంది. ఈ స్పందనకు పోరాడటమో పారిపోవడమో అన్న పేరు స్థిరపడేలా చేసినవాడు హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్, దాదాపు వందేళ్ల కిందట. రెండోది హార్మోన్ల దారి, కొంచెం నింపాదిగా నడుస్తుంది. హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది, పిట్యూటరీ అడ్రినల్‌కు పంపుతుంది, అక్కడి నుంచి కార్టిసాల్ రక్తంలోకి వస్తుంది. ఇరవై, ముప్పై నిమిషాలకు అది పతాకస్థాయికి చేరుతుంది. రక్తంలో చక్కెరను పెంచి మెదడుకు, కండరాలకు అందిస్తుంది. తాత్కాలికంగా అవసరం లేని పనులను, అంటే జీర్ణక్రియను, రోగనిరోధక వ్యవస్థలో కొంత భాగాన్ని వెనక్కి నెడుతుంది. ప్రమాదం తప్పగానే కార్టిసాల్ తానే మెదడుకు చేరి "ఇక చాలు" అని చెప్తుంది. గంట, గంటన్నరలో అన్నీ సర్దుకుంటాయి.

అంటే ఈ ఏర్పాటులో లోపం లేదు. పొలంలో పాము కనిపించినప్పుడు, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికి వచ్చినప్పుడు ప్రాణం కాపాడేదీ, బుద్ధిని పదునుపెట్టేదీ ఇదే. చిక్కంతా అది ఆగకుండా నడిచినప్పుడు. వారాల తరబడి కార్టిసాల్ ఎక్కువగా ఉంటే కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ పని మందగిస్తుంది. ఒక విషయం మీద దృష్టి నిలపడం, తొందరపాటును ఆపుకోవడం లాంటి పనులు చూసుకునే మెదడు ముందు భాగం కూడా వెనకబడుతుంది. చదివింది గుర్తుండటం లేదని మొదటి ఏడాది విద్యార్థి వాపోతే అది సాకు కాదు.

ఇది ఎంతవరకు పోతుందో చూపిన ఒక చిన్న ప్రయోగం నన్ను చాలా రోజులు వెంటాడింది. 1998లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ మరుచా, జానిస్ కీకోల్ట్-గ్లేజర్ కలిసి చేశారు. పదకొండు మంది దంతవైద్య విద్యార్థులను తీసుకుని, ఒక్కొక్కరి నోట్లో పైఅంగిలి మీద మూడున్నర మిల్లీమీటర్ల గుండ్రని గాయం చేశారు, వాళ్ల అనుమతితోనే. ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు. రోజూ ఫొటో తీసి గాయం ఎంత మూసుకుందో కొలిచారు. మనుషులు వాళ్లే, నోరు అదే, గాయం అంతే. పరీక్షల రోజుల్లో చేసిన గాయం మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది, అంటే 40 శాతం ఆలస్యం. పదకొండు మందిలో ఒక్కరికైనా పరీక్షల రోజుల్లో అంత త్వరగా మానలేదు. వీళ్లు పరీక్షలకు బాగా అలవాటుపడిన విద్యార్థులన్నది గుర్తుంచుకోవాలి. మనసులో ఉన్న బరువును నోట్లోని చర్మం కూడా మోస్తోంది.

మరి సిలబస్ సంగతేమిటి? దాని పాత్ర ఉంది, కాకపోతే మనం అనుకునే తీరులో కాదు. 1960ల చివర్లో, 70ల్లో జే వైస్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీన్ని బాగా విప్పిచెప్పాయి. రెండు ఎలుకలకు ఒకే సమయంలో, ఒకే మోతాదులో తోకకు కరెంటు షాక్ ఇచ్చాడు. ఒక ఎలుకకు మాత్రం షాక్‌కు ముందు ఒక శబ్దం వినిపించేది. రెండో ఎలుకకూ శబ్దం వినిపించేది గానీ దానికీ షాక్‌కూ పొంతన ఉండేది కాదు. నొప్పి సమానమే. కానీ ఎప్పుడు వస్తుందో తెలియని ఎలుక కడుపులో పుండ్లు చాలా ఎక్కువగా ఏర్పడ్డాయి. షాక్‌ను ఆపే చక్రం తన చేతిలో ఉన్న ఎలుకకూ పుండ్లు తక్కువే.

మొదటి ఏడాది విద్యార్థికి ఎదురయ్యేది ఆ రెండో ఎలుక పరిస్థితి. ఇంటర్నల్స్‌లో ప్రశ్నలు ఎలా వస్తాయో తెలియదు. రికార్డు ఎవరు ఎప్పుడు దిద్దుతారో తెలియదు. హాజరు తగ్గితే కండోనేషన్ ఎలా కట్టాలో, బ్యాక్‌లాగ్ అంటే ఏడాది పోయినట్టో కాదో, స్కాలర్‌షిప్ డబ్బు ఏ నెలలో పడుతుందో, వార్డెన్‌ను దేనికి అడగవచ్చో దేనికి అడగకూడదో, ఏదీ తెలియదు. ఊళ్లో ఇలాంటివన్నీ అన్ననో, అక్కనో, పక్కింటి మాస్టారునో అడిగితే తెలిసిపోయేవి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలకు ఆ అక్కా అన్నా ఉండరు. నగరంలో పెరిగిన ఇంజనీరుగారి అబ్బాయికీ, ఈ అబ్బాయికీ సిలబస్ ఒక్కటే. ముందుగా వినిపించే శబ్దం మాత్రం ఒకడికి ఉంది, ఇంకొకడికి లేదు.

"కొంచెం ఒత్తిడి ఉంటేనే పిల్లలు చదువుతారు" అనే మాట మన ఇళ్లలోనూ, స్టాఫ్ రూముల్లోనూ తరచుగా వినిపిస్తుంది. దీనికి శాస్త్రీయ ఆధారంగా యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరి పేర్లు చెప్తుంటారు. 1908లో వాళ్లు చేసిన ప్రయోగం ఎలుకల మీదే, అదీ కరెంటు షాకులతోనే. అందులో తేలినదేమిటంటే, సులువైన పనిని నేర్చుకునేటప్పుడు షాక్ పెరిగినకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. పని కష్టమైనప్పుడు మాత్రం షాక్ ఎక్కువైతే నేర్చుకోవడం మందగించింది, మధ్యస్థంగా ఉన్నప్పుడే బాగా సాగింది. మొదటి సెమిస్టర్‌లో సులువైన పని ఏముంది? భాష కొత్త, పాఠం కొత్త, మనుషులు కొత్త. కాబట్టి ఈ ప్రయోగాన్ని నమ్మేవారు చేయాల్సింది మొదటి ఏడాదిలో ఒత్తిడి తగ్గించడం. దాన్ని పెంచడానికి ఈ ప్రయోగాన్ని సాక్ష్యంగా చూపడం అన్యాయం.

ఈ బరువు మోసేది ఒకరిద్దరు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 8 దేశాల్లోని 19 కాలేజీల్లో మొదటి ఏడాది చేరిన సుమారు 14,000 మందిని అడిగి చూస్తే, అప్పటికి గడిచిన ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు, మద్యం వ్యసనం లాంటి మానసిక సమస్యల్లో కనీసం ఒకటి ఉన్నవారు 31 శాతం. 2018లో వెలువడిన ఆ సర్వేలో మన దేశం లేదు. అయినా దాదాపు ముగ్గురిలో ఒకరు అన్నది చిన్న మాట కాదు.

ఒత్తిడిని తట్టుకోవడం గురించి ఎక్కువగా ఆధారపడదగిన ఆలోచన రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్‌లది. 1984లో వచ్చిన వాళ్ల పుస్తకం ప్రకారం మనిషి ఒక పరిస్థితిని రెండుసార్లు తూకం వేస్తాడు. మొదట, దీనివల్ల నాకు ముప్పుందా అని. తర్వాత, దీన్ని ఎదుర్కోవడానికి నా దగ్గర ఏముంది అని. రెండో తూకంలో "ఏమీ లేదు" అని తేలితే అదే ఒత్తిడి. ఎదుర్కొనే పద్ధతులూ రెండు రకాలు. ఒకటి సమస్యనే పట్టుకోవడం, రెండోది సమస్య వల్ల మనసులో రేగినదాన్ని సర్దుకోవడం. ఏది మేలని అడిగితే జవాబు సందర్భాన్ని బట్టి ఉంటుంది. సర్క్యూట్ థియరీ అర్థం కాకపోతే సీనియర్ దగ్గర కూర్చుని నేర్చుకోవడం పని చేస్తుంది, ఆ బెంగతో గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తే సర్క్యూట్ అర్థం కాదు. ఊళ్లో ఈ ఏడు వాన ఎక్కువై సోయా మొలకెత్తి పాడైతే మాత్రం హాస్టల్‌లో ఉన్న పిల్లవాడు చేయగలిగింది లేదు. అప్పుడు రూమ్‌మేట్‌తో చెప్పుకోవడం, కాసేపు వాలీబాల్ ఆడటం, ప్రార్థన, పాట, ఏదైనా సరైన మందే. చేతిలో ఉన్నదాన్ని చేతిలో లేనిదనుకుని వదిలేయడం, చేతిలో లేనిదాని మీద రాత్రంతా మెదడు అరగదీసుకోవడం, ఈ రెండూ తారుమారైనప్పుడే మనిషి కూలబడతాడు.

ఇక్కడ అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1990లో ప్రచురించిన ప్రయోగం గురించి చెప్పాలి. కాలేజీలో కొత్తగా చేరిన 130 మందిలో కొందరిని, కాలేజీకి రావడం గురించి లోపల ఉన్నదంతా వరసగా మూడు రోజులు, రోజూ ఇరవై నిమిషాలు రాయమన్నాడు. మిగతావారిని మామూలు విషయాలు రాయమన్నాడు. మనసులోది రాసినవాళ్లు తర్వాతి నెలల్లో జబ్బుపడి డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. విచిత్రమేమిటంటే, సెమిస్టర్ చివర్లో అడిగితే ఇంటి మీద బెంగ ఎక్కువగా ఉందని చెప్పినవాళ్లూ వీళ్లే. బెంగను బెంగగా ఒప్పుకున్నవాళ్ల శరీరం ఆరోగ్యంగా ఉంది. "ఏడవకురా, మగపిల్లవాడివి" అని ఫోన్‌లో అనే నాన్నలు, మామయ్యలు ఈ ఒక్క ఫలితం తెలుసుకుంటే చాలు. ఇంటి మీద బెంగ కాలేజీలో కుదురుకోలేదనడానికి గుర్తు కాదు.

నిద్ర సంగతి చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు. 2023లో డేవిడ్ క్రెస్వెల్ బృందం అమెరికాలో మూడు విశ్వవిద్యాలయాల్లో 600 మందికి పైగా మొదటి ఏడాది విద్యార్థుల చేతులకు నిద్రను కొలిచే పట్టీలు కట్టి చూసింది. వాళ్లు సగటున పడుకున్నది ఆరున్నర గంటలు. సెమిస్టర్ మొదట్లో రాత్రి నిద్ర ఒక గంట తగ్గినచోట చివర్లో సగటు గ్రేడు 0.07 పాయింట్లు తగ్గింది. పాత మార్కుల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసి చూసినా ఆ తేడా నిలిచింది. రోజూ ఆరు గంటలకు తక్కువ పడుకునేవారికి నష్టం మరీ ఎక్కువ. ఒకే గదిలో నలుగురు, ఆగని ఫోన్లు, అర్ధరాత్రి దాటినా ఆరని లైట్లు ఉన్న మన హాస్టళ్లలో ఇది ఒక్కడి క్రమశిక్షణతో తేలేది కాదు, గది మొత్తం కూర్చుని ఒప్పందం చేసుకోవాల్సిందే.

తట్టుకునే శక్తి ఎవరిలో ఎంతుందన్న ప్రశ్న దగ్గరే మనం ఎక్కువగా ఆగిపోతాం. అసలు ప్రశ్న ఇంకొంచెం అవతల ఉంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ఒక ఫలితం ప్రకటించారు. మొదటి ఏడాది విద్యార్థులకు సీనియర్ల అనుభవాలు చదివించారు: "నేనిక్కడ చెల్లనేమో అన్న భయం మొదట్లో అందరికీ ఉంటుంది, మెల్లగా పోతుంది" అన్నది వాటి సారాంశం. తర్వాత వాళ్లనే తమ అనుభవం రాయమన్నారు. మొత్తం గంట పని. ఆ గంట నల్లజాతి విద్యార్థులకూ తెల్లవారికీ మధ్య గ్రేడ్ల తేడాను తర్వాతి మూడేళ్లలో సగానికి తగ్గించింది. ఇది మంత్రంలా ఉందే అని చాలామంది సందేహించారు. 2023లో అదే ఆలోచనను 22 విద్యాసంస్థల్లో 26,911 మంది మీద పరీక్షించారు. మొదటి ఏడాది పూర్తిచేసినవారి సంఖ్య పెరిగింది, కానీ అన్నిచోట్లా కాదు. వెనకబడిన వర్గాల విద్యార్థులు తమవాళ్లుగా కలిసిపోవడానికి నిజంగా వీలున్న కాలేజీల్లోనే పెరిగింది. అలాంటి వీలు లేని చోట ఎంత మంచి మాట చదివించినా ప్రయోజనం కనిపించలేదు.

నాకు తెలిసినంతలో ఈ విషయం మీద అన్నిటికంటే ముఖ్యమైన ఫలితం ఇదే. తట్టుకోవడం విద్యార్థి ఒక్కడే ఇంటి నుంచి మూటకట్టుకుని తెచ్చుకోవాల్సింది కాదు, కాలేజీ చోటిస్తేనే అది నిలబడుతుంది. అలా చోటివ్వడం మన దగ్గర కొత్తేమీ కాదు. బీదర్ కోట దారిలో 1472లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ పూర్తిచేయించిన మదరసా ఇప్పటికీ సగం కూలి నిలబడి ఉంది. దూరదేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు గదులు, వాళ్లకు చెప్పే గురువులకు వసతి, గ్రంథాలయం, ప్రార్థన స్థలం అన్నీ ఒకే ప్రాంగణంలో, నడిమి ముంగిలి చుట్టూ కట్టారు. గురువు ఉండే గది శిష్యుడి గదికి నాలుగడుగుల దూరంలో ఉండటం ఎంత పెద్ద సంగతో, సాయంత్రం అయిదింటికి అధ్యాపకులంతా బస్సెక్కి వెళ్లిపోయే మన క్యాంపస్‌లను చూస్తే తెలుస్తుంది.

కాగితం మీద మన దగ్గరా ఏర్పాట్లున్నాయి. ర్యాగింగ్‌ను అరికట్టే యూజీసీ నిబంధనలు 2009 నుంచి అమల్లో ఉన్నాయి, ఫిర్యాదుకు 1800-180-5522 నంబరు ఉంది. కొత్తగా చేరినవారికి క్యాంపస్‌ను పరిచయం చేసే 'దీక్షారంభ్' కార్యక్రమాన్ని యూజీసీ 2019లో తెచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటి విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలనీ, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదనీ, నలుగురిలో అవమానించకూడదనీ అందులో ఉంది. ఈ చివరి మాట చూడండి. డికర్సన్, కెమెనీ 208 అధ్యయనాల్లో కనిపెట్టిన భయమే అది. దీక్షారంభ్ మాత్రం చాలా కాలేజీల్లో మూడు ఉపన్యాసాలు, ఒక గ్రూప్ ఫొటోతో అయిపోతోంది. ఆ రోజుల్లో ఒక పూట పాత ఇంటర్నల్స్ ప్రశ్నపత్రాలు చేతికివ్వవచ్చు. బ్యాక్‌లాగ్ నియమాలు కన్నడంలో, తెలుగులో, మరాఠీలో విప్పి చెప్పవచ్చు. ఔరాద్ నుంచి వచ్చినవాడికి ఔరాద్ నుంచే వచ్చిన మూడో ఏడాది సీనియర్‌ను పరిచయం చేయవచ్చు. దీనికి ఖర్చేమీ లేదు. ఎలుకకు వినిపించాల్సిన శబ్దం ఇదే.

ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఉంది. "చదువు మంచిగ నడుస్తుందా" అని అడిగితే "ఆఁ" అనే జవాబే వస్తుంది. "పక్క మంచం మీద ఎవరుంటరు బిడ్డా? వాళ్లది ఏ ఊరు?" అని అడిగితే మాట సాగుతుంది, వాడికి అక్కడ మనుషులు దొరికారో లేదో మనకూ తెలుస్తుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, స్నేహితులను తప్పించుకు తిరగడం, వీటిలో ఏది కనిపించినా అది మొదటి సెమిస్టర్ బెంగను దాటిపోయిందని గుర్తించి డాక్టరును కలవాలి. బతికి ఏం లాభమనో, చనిపోవాలనో మాట వచ్చిందంటే రెండు వారాలు చూడకూడదు, వాడిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే సాయం అందించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. ఇరవై భాషల్లో మాట్లాడేవాళ్లుంటారు, కాబట్టి కుశనూర్ అబ్బాయి ఇంగ్లిష్ కోసం తడుముకోనక్కర్లేదు, ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషలోనే చెప్పుకోవచ్చు.